ముందు టైరు చూడండి, తర్వాత అలైన్‌మెంట్ మాట్లాడదాం

(విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఆదివారం ఉదయం సొంత కార్లవాళ్ళూ ట్యాక్సీ డ్రైవర్లూ కలిసి కూర్చున్నప్పుడు ఒక వర్క్‌షాపు మేస్త్రిగారు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి వచ్చేయండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి బాబాయ్ గారూ, ఇలా కూర్చోండి. మాటలు వెనక్కి వినపడతాయి గానీ, ఈ టైర్లు అక్కడి నుంచి కనపడవు.

ఈ నాలుగు టైర్లూ నేను కావాలనే తెచ్చాను. మా షాపులో మార్పించుకుని వదిలేసి వెళ్ళినవి. నాలుగూ పాడైపోయినవే, కానీ నాలుగూ నాలుగు రకాలుగా పాడయ్యాయి. వీటి ఓనర్లు వచ్చి అడిగింది మాత్రం ఒకటే మాట. ఏమని? "టైరు తినేస్తోందండీ, అలైన్‌మెంట్ చేసేయండి." అలైన్‌మెంట్ అంటే చక్రాలు ఏ దిశలో, ఏ వాలులో నిలబడ్డాయో మిషను మీద కొలిచి సర్దడం. నాలుగింటిలో అలైన్‌మెంట్‌తో బాగయ్యే కేసు ఒక్కటే. మిగతా మూడింటికీ అలైన్‌మెంట్ చేస్తే డబ్బులు నాకొస్తాయి, టైరు మళ్ళీ తింటుంది.

అందుకని ఈ రోజు నేను చెప్పేది ఒకటే విషయం. అలైన్‌మెంట్ మొదటి పని కాదు, చివరి పని. మళ్ళీ చెప్తున్నాను, అలైన్‌మెంట్ చివరి పని. ముందు టైరు చూడాలి. తర్వాత కింద పార్టులు చూడాలి. అన్నీ బాగున్నాయని తేలాక బండి మిషను ఎక్కాలి. మనం చేస్తున్నదేంటి? తిన్నగా మిషను ఎక్కించేస్తున్నాం.

మీ చెప్పులు ఒకసారి తిరగేసి చూడండి. నవ్వకండి, నిజంగానే చూడండి. కొందరికి మడమ బయటవైపు అరిగి ఉంటుంది, కొందరికి లోపలివైపు. చెప్పు చూస్తే మనిషి ఎలా నడుస్తాడో చెప్పొచ్చు. కొత్త చెప్పులు కొన్నంత మాత్రాన నడక మారుతుందా? మారదు. అవీ అక్కడే అరుగుతాయి. టైరూ అంతే.

సరే, మొదటి టైరు. ఇదిగో, రెండు అంచులూ అరిగిపోయాయి, మధ్యలో గాడి ఇంకా ఉంది. ఇది గాలి తక్కువైన టైరు. గాలి తక్కువైతే మధ్యభాగం రోడ్డుని సరిగ్గా నొక్కదు, బరువంతా భుజాల మీద, అంటే ఈ అంచుల మీద పడుతుంది. దీనికి తిరగేసి, మధ్యలో అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువ పెట్టి తిప్పారని. ఇందులో మిషను పని ఏమీ లేదు.

కానీ ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి, మన ఊరి ఎండల గురించి. మే నెలలో మన బెజవాడ సంగతి మీకు తెలిసిందే. అప్పుడు చాలామంది ఏం చేస్తారు? "ఎండలకి టైరు పేలుతుంది, నాలుగు పాయింట్లు తక్కువ పెట్టు" అంటారు. పాయింటు అంటే పీఎస్ఐ, గాలి ఒత్తిడి లెక్క. ఎవరైనా ఉన్నారా అలా చేసేవాళ్ళు? చేతులెత్తండి, ఏమీ అనను. చూశారా, సగం మంది ఉన్నారు. ఇది పూర్తిగా తప్పు. టైరు వేడెక్కేది ఎండ వల్ల కన్నా, గాలి తక్కువై పక్కగోడలు మాటిమాటికీ మడత పడటం వల్ల ఎక్కువ. గాలి తగ్గిస్తే ఆ మడత పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, పేలే ప్రమాదమూ పెరుగుతుంది. అంటే మీరు దేనికి భయపడి తగ్గించారో దాన్నే పిలుచుకుంటున్నారు.

మరి ఎంత పెట్టాలి? డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, కొన్ని కార్లకి పెట్రోల్ మూత లోపల ఉంటుంది. ఆ స్టిక్కర్‌లో రెండు వరసలు ఉంటాయి. ఒకటి ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పటిది, రెండోది నిండా ఎక్కి సామాను వేసినప్పటిది. ట్యాక్సీవాళ్ళు రెండో వరస చూసుకోండి. ఆ అంకె టైరు చల్లగా ఉన్నప్పటిది, అంటే పొద్దున్నే బండి తీయకముందు. హైదరాబాద్ నుంచి వచ్చి గొల్లపూడి దగ్గర ఆపి గాలి చూపిస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది. వేడికి పెరిగింది అది. దాన్ని చూసి గాలి తీసేయించకండి. తీసేస్తే మర్నాడు పొద్దున చల్లారాక తక్కువై కూర్చుంటుంది. పది డిగ్రీల వేడికి దాదాపు ఒకటిన్నర పాయింటు తేడా వస్తుందని లెక్క వేసుకోండి.

ఇప్పుడు రెండో టైరు. ఇది అసలైనది, దీని దగ్గర కాసేపు ఉందాం. ఇటు నుంచి చూడండి. బయటవైపు ఎలా ఉంది? బాగుంది కదా, గాడి లోతుగానే ఉంది. ఇప్పుడు తిప్పుతున్నాను, లోపలివైపు చూడండి. ఏం కనపడుతోంది? తీగలు. స్టీలు తీగలు బయటికి వచ్చేశాయి. ఈ టైరుతో ఈ పెద్దమనిషి చెన్నై హైవే మీద కుటుంబాన్ని ఎక్కించుకుని తిరిగాడు. ఆయన తప్పు కాదు. బండి ఆగి ఉన్నప్పుడు మనకి కనపడేది బయటి అంచే. లోపలి అంచు ఎవరు చూస్తారు, పడుకుని చూడాలి.

పడుకోనక్కర్లేదు. చిన్న పని చెప్తాను. బండి ఆపి స్టీరింగ్ ఒక పక్కకి చివరిదాకా తిప్పండి. దిగి ముందు టైర్లు చూడండి. ఒక టైరు ముందు నుంచి కనపడుతుంది, రెండోది వెనక నుంచి. మళ్ళీ రెండో పక్కకి తిప్పి చూడండి. రెండు నిమిషాలు పట్టదు. నెలకోసారి గాలి పట్టించేటప్పుడు ఈ పని చేశారనుకోండి, ఈ తీగలు ఎప్పటికీ చూడరు.

ఇది ఇలా ఎందుకు అరిగింది? టో తేడా. టో అంటే ఏంటో చెప్తాను, తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి. కారుని పైనుంచి చూస్తున్నామనుకోండి. రెండు ముందు చక్రాల ముందు అంచుల మధ్య దూరం ఒకటి, వెనక అంచుల మధ్య దూరం ఒకటి. ముందు దూరం తక్కువైతే టో-ఇన్, ఎక్కువైతే టో-అవుట్. టో-ఇన్ మరీ ఎక్కువైతే బయటి అంచు పోతుంది. టో-అవుట్ ఎక్కువైతే ఇలా లోపలి అంచు పోతుంది.

ఎంత తేడా ఉంటే ఇలా అవుతుంది? అడగండి ఎవరైనా. ఒక అంగుళమా? అర అంగుళమా? లెక్క వేద్దాం. పద్నాలుగు అంగుళాల రిమ్ము ఉన్న మామూలు కారు. రెండు చక్రాలకీ కలిపి ఉండాల్సినదాని కన్నా 3 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. ఒక్కో చక్రానికి ఒకటిన్నర మిల్లీమీటరు. డిగ్రీల్లో చెప్పాలంటే పావు డిగ్రీ. కంటికి కనపడదు, ఎంత పాత మేస్త్రీకైనా కనపడదు. కానీ పావు డిగ్రీ పక్కకి తిరిగిన చక్రం, ఒక కిలోమీటరు ముందుకి వెళ్ళేలోపు దాదాపు 4.4 మీటర్లు పక్కకి పోవాలని చూస్తుంది. పోగలదా? పోలేదు. అవతలి చక్రం అంతే బలంగా అటువైపు పోవాలని చూస్తోంది. రెండూ పట్టుపట్టి కారుని తిన్నగానే నడిపిస్తాయి, మీకు స్టీరింగ్‌లో ఏమీ తెలియదు. కానీ ఆ 4.4 మీటర్లూ ఎక్కడికి పోయాయి? రబ్బరు రోడ్డుకి పక్కకి రాసుకుంటూ పోయింది.

ఇక్కడి నుంచి గుంటూరు వెళ్ళొస్తే రానూపోనూ డెబ్భై కిలోమీటర్లు. మూడొందల మీటర్ల పైన పక్కకి రాసుకున్నట్టు. పదివేల కిలోమీటర్లు తిరిగితే? దాదాపు నలభై నాలుగు కిలోమీటర్లు. అంటే మీ చక్రాన్ని గుంటూరు దాటేదాకా అడ్డంగా ఈడ్చుకుని వెళ్ళినట్టే. ఇక టైరు మిగులుతుందా?

ఒకరు అడుగుతున్నారు, "మరి రెండు చక్రాలూ సున్నా మీద పెట్టేస్తే పోతుంది కదా" అని. మంచి ప్రశ్న తమ్ముడూ. బండి కదిలాక చక్రాలు ఆగి ఉన్నప్పుడు ఉన్నట్టే ఉండవు. వెనక చక్రాలు తోసే బండికి, నడుస్తున్నప్పుడు ముందు చక్రాలు కొద్దిగా బయటికి విచ్చుకుంటాయి. అందుకని ఆగి ఉన్నప్పుడు కొంచెం లోపలికి పెడతారు. ముందు చక్రాలే లాగే బండికి, ఇంజను లాగుతున్నప్పుడు చక్రాలు లోపలికి ముడుచుకోవాలని చూస్తాయి. అందుకని వాటికి సున్నా దగ్గర్లోనో, కొంచెం బయటికో ఉంటుంది. ఏ మోడల్‌కి ఎంతో కంపెనీవాళ్ళు చెప్తారు. "నాకు అన్ని బండ్లకీ ఒకటే సెట్టింగండీ, ముప్పై ఏళ్ళ అనుభవం" అన్న మేస్త్రిని చూస్తే దణ్ణం పెట్టి బయటికి వచ్చేయండి.

టో తేడాని చేత్తో పట్టుకోవచ్చు. ఇలా రండి ఒకరు. అమ్మా, మీరు రండి. ఈ టైరు మీద అరచెయ్యి పెట్టి బయటి నుంచి లోపలికి నిమరండి. ఇప్పుడు లోపలి నుంచి బయటికి. తేడా తెలిసిందా? ఒకవైపు గరుగ్గా, చేతికి పట్టుకున్నట్టు ఉంది, రెండోవైపు నున్నగా ఉంది. గాడుల మధ్య ఉన్న ప్రతి రబ్బరు పట్టీకీ ఒక అంచు పదునుగా లేచింది. లోపలికి నిమిరినప్పుడు పట్టుకుంటే టో-అవుట్, బయటికి నిమిరినప్పుడు పట్టుకుంటే టో-ఇన్. తీగలు బయటపడక చాలా ముందే ఈ గరుకు వస్తుంది. మిషను కన్నా ముందు మీ చెయ్యే చెప్తుంది. కాకపోతే తీగలు బయటపడ్డ టైరుని మాత్రం చేత్తో నిమరకండి, కోసుకుపోతుంది. ఇది నేను చివర్లు నూరి తెచ్చాను.

మూడో టైరు. ఇదీ ఒకపక్కే అరిగింది. రెండోదానిలాగే ఉంది కదా? చెయ్యి పెట్టి చూడండి. గరుకు లేదు. ఏటవాలుగా, నున్నగా అరిగింది. ఇది క్యాంబర్. ముందు నుంచి చూస్తే చక్రం నిలువుగా ఉందా, పైభాగం లోపలికో బయటికో వాలిందా, అదీ క్యాంబర్. పైభాగం లోపలికి వాలితే లోపలి అంచు, బయటికి వాలితే బయటి అంచు.

ఇక్కడ మీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మనం వాడే చిన్న కార్లలో చాలావాటికి క్యాంబర్ సర్దే ఏర్పాటే ఉండదు. ముందు చక్రాలకి టో ఒక్కటే సర్దగలం. వెనక చక్రాలకి చాలా కార్లలో అదీ లేదు, రెండు చక్రాలనీ కలిపి ఒకటే ఇరుసు లాంటి దూలం ఉంటుంది. మరి సర్దడానికి వీల్లేని క్యాంబర్ ఎందుకు తేడా వచ్చింది? ఏదో వంగింది కాబట్టి. చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ వంగి ఉండొచ్చు, స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే స్ట్రట్ వంగి ఉండొచ్చు, వెనకైతే ఆ దూలమే వంగి ఉండొచ్చు. వానాకాలం రోడ్డు మీద నీళ్ళు నిలిచి ఉంటాయి, గుంత లోతు తెలియదు, ధడేలుమని దిగుతుంది. ఇంటికి వెళ్ళి టైరు చూసుకుంటాం, రిమ్ము చూసుకుంటాం, గీత కూడా పడలేదని సంతోషపడతాం. దెబ్బ తిన్నది లోపల. అలాంటి బండిని మిషను ఎక్కిస్తే స్క్రీన్ మీద క్యాంబర్ అంకె ఎర్రగా చూపిస్తుంది, అంటే తేడా ఉందని. "ఇది సర్దడం అవదండీ, ఇలాగే ఉంటుంది" అని పంపించేస్తారు. ఎర్రగా ఎందుకుందో చెప్పనివాడికి మిషను ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

క్యాస్టర్ అని మూడోది ఉంది. స్టీరింగ్ మలుపు తిరిగాక దానంతట అది తిన్నగా రావడానికి పనికొస్తుంది. దానివల్ల టైరు పెద్దగా అరగదు, వదిలేద్దాం.

నాలుగో టైరు. దీని మీద చూడండి, గుంటలు గుంటలుగా ఉంది. చుట్టూ ఒకచోట అరిగింది, ఒకచోట అరగలేదు, మళ్ళీ అరిగింది. ఇది అలైన్‌మెంట్ కానే కాదు. షాక్ అబ్జార్బర్ చచ్చిపోయి చక్రం రోడ్డు మీద ఎగిరెగిరి పడుతోందని. ఎగిరి పడిన చోటల్లా ఒక గుంట. బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండటం, తప్పినా ఇలా రావచ్చు, చక్రం తేలిగ్గా తిరగడానికి మధ్యలో ఉండే వీల్ బేరింగ్ వదులైనా రావచ్చు.

బేరింగ్ అంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్ నగర్ వైపు ఎన్ని కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయో మీరే చూశారు. ఇంజను బాగు చేయించుకున్నారు, సీట్లు మార్పించుకున్నారు. వీల్ బేరింగులు ఎంతమంది చూపించుకున్నారు? లోపలికి బురదనీళ్ళు పోతే గ్రీజు పాడవుతుంది, బేరింగ్ వెంటనే పోదు, నెలలు గడిచాక మెల్లిగా హోరు మొదలవుతుంది. వరదలో మునిగిన బండి ఉన్నవాళ్ళు గానీ, అలాంటిది తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళు గానీ ఉంటే ఒకసారి చక్రాలు లేపి తిప్పించి వినండి. ఇంకో చిక్కు ఏంటంటే, గుంటలు పడ్డ టైరు కూడా అచ్చం బేరింగ్ హోరు లాగే మోగుతుంది. టైరు శబ్దం విని బేరింగ్ మార్పించుకున్నవాళ్ళు ఉన్నారు. ఎలా తేల్చుకోవాలి? ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నడపండి. శబ్దం వెనక్కి వెళ్ళిందా, టైరుది. వెళ్ళలేదా, బేరింగ్‌ది.

ఇప్పుడు కింద పార్టుల సంగతి. బండి జాకీ మీద లేపాక, ముందు చక్రాన్ని గడియారంలో మూడు, తొమ్మిది ఉండే చోట్ల రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఆడించాలి. టకటక అంటే, స్టీరింగ్ తిప్పుడుని చక్రానికి అందించే టై రాడ్ ఎండు వదులు. పన్నెండు, ఆరు ఉండే చోట్ల పట్టుకుని ఆడించాలి. కదిలితే, లోయర్ ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే బాల్ జాయింటో, బేరింగో. తర్వాత లోయర్ ఆర్మ్ బండికి తగిలే చోట ఉండే రబ్బరు బుష్‌లు, రబ్బరు చిట్లిందేమో లైటు వేసి చూడాలి. ఇంతే. పది నిమిషాల పని.

ఇది చేయకుండా అలైన్‌మెంట్ చేస్తే ఏమవుతుంది? బండి మిషను మీద కదలకుండా నిలబడి ఉంటుంది. వదులైన బుష్ కూడా బుద్ధిగా ఉంటుంది. అంకెలన్నీ పచ్చగా వస్తాయి, ప్రింటు తీసి చేతిలో పెడతారు, మీరు ఆనందంగా వెళ్తారు. బెంజ్ సర్కిల్ దాటి బ్రేకు వేశారనుకోండి, బుష్ వెనక్కి జరుగుతుంది, దాంతో చక్రం తిరుగుతుంది, టో మారుతుంది. మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కితే ఇంకోలా మారుతుంది. కాగితం మీద పచ్చగా ఉంది, రోడ్డు మీద టైరు తింటోంది. అందుకే చెప్తున్నాను, చివరి పని అని.

ఇక "బండి ఒకపక్కకి లాగుతోంది" అని వస్తారు. ప్రతి లాగుడూ అలైన్‌మెంట్ కాదు. వాన నీళ్ళు పోవడానికి రోడ్డుని ఎడమకి కొంచెం వాలుగా వేస్తారు. చెయ్యి వదిలితే ఏ బండైనా మెల్లిగా ఎడమకి పోతుంది, అది రోగం కాదు. బ్రేకు వేసినప్పుడే లాగితే బ్రేకు చూడాలి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి ఏది ఎక్కువ కాలుతోందో చూడండి, తాకకండి. ఎప్పుడూ లాగుతూనే ఉంటే, ముందు గాలి రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూసి, ముందు టైర్లు రెండూ ఎడమా కుడీ మార్చి నడపండి. ఒక్కవైపే తిరగాలని బాణం గుర్తున్న టైర్లకి మాత్రం ఇది చేయకూడదు. లాగుడు రెండో పక్కకి మారిందా? అయితే టైరులోనే లోపం. స్టీరింగ్ ఎనభై తొంభై స్పీడులో వణికితే అది బ్యాలెన్సింగ్. వణుకు వేరు, లాగుడు వేరు. రెండిటికీ "అలైన్‌మెంట్ బ్యాలెన్సింగ్" అని కలిపి ఒకే బిల్లు వేస్తారు కాబట్టి అందరూ రెండూ ఒకటే అనుకుంటున్నారు.

సరే, అన్నీ చూసుకున్నారు, అలైన్‌మెంటే కావాలని తేలింది. అప్పుడు మీరు ఏసీ గదిలో కూర్చుని ఫోన్ చూసుకోకండి. బండి పక్కన నిలబడండి. ఏం చూడాలి? మొదట నాలుగు టైర్లకీ గాలి సరిచేశారా. తర్వాత కొలతల కోసం చక్రాలకి బిగించిన పలకలు సరిగ్గా కూర్చున్నాయా. బండిని కొంచెం వెనక్కీ ముందుకీ తోస్తారు, రిమ్ములో వంకర ఉంటే మిషను లెక్కలోంచి తీసేయడానికి. అది చేయకుండా అంకెలు చూపిస్తే నమ్మకండి. స్టీరింగ్‌ని తిన్నగా పెట్టి, కదలకుండా బిగించాలి. సర్దేటప్పుడు రెండు పక్కలా టై రాడ్లు తిప్పాలి. కొందరు తొందరలో ఒక పక్కే తిప్పేస్తారు. టో మొత్తం సరిపోతుంది, స్టీరింగ్ మాత్రం వంకరగా నిలబడుతుంది. అప్పుడు ఏం చేస్తారో తెలుసా? స్టీరింగ్ చక్రమే ఊడదీసి ఒక పన్ను పక్కకి జరిపి బిగిస్తారు! ఎయిర్ బ్యాగ్ ఉన్న బండిలో ఆ పని చేయనివ్వకండి.

చివరగా ప్రింటు అడగండి. ఒకటి కాదు, రెండు కావాలి. సర్దకముందు అంకెలు, సర్దిన తర్వాత అంకెలు. మొదటిది మరీ ముఖ్యం, మీ టైరు ఎందుకు అరిగిందో అందులోనే ఉంది. ముందు అంకెల్లో టో బాగానే ఉండి కూడా టైరు లోపలివైపు తిన్నదంటే, కారణం వేరే ఉంది, ఇంకా దొరకలేదు అని అర్థం.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను.

ఎన్ని కిలోమీటర్లకి చేయించాలి అంటున్నారు. ఐదు వేలనీ, పది వేలనీ రకరకాలుగా చెప్తారు. నా లెక్క వేరు. ఐదారు వేలకోసారి టైరు నిమిరి చూడండి, గరుకు తగిలితే చేయించండి. పెద్ద గుంతలో పడితే చేయించండి. టై రాడ్, లోయర్ ఆర్మ్, స్ట్రట్ ఏది విప్పినా చేయించాల్సిందే, అడక్కండి. టైర్లు ముందూ వెనకా మార్చడం మాత్రం ఎనిమిది, పది వేలకోసారి చేయండి. ముందు చక్రాలు లాగే కార్లలో ముందు టైర్లే బండిని లాగాలి, ముందు టైర్లే తిరగాలి, బ్రేకు భారం ఎక్కువ పడేది కూడా వాటి మీదే. త్వరగా అరగక ఏం చేస్తాయి?

మేడమ్ నైట్రోజన్ గురించి అడిగారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. విడిగా పట్టిస్తే తేమ ఉండదు, గాలి కొంచెం నెమ్మదిగా తగ్గుతుంది. మంచిదే. కానీ నైట్రోజన్ పట్టించాను కదా అని ఆరు నెలలు గాలి చూసుకోకపోతే, మామూలు గాలి వారానికోసారి చూసుకునేవాళ్ళ టైర్లే ఎక్కువ మన్నుతాయి.

రెండు టైర్లే కొత్తవి కొంటే ఎక్కడ వేయాలి? అందరూ ముందు వేయమంటారు. వెనక వేయండి. ఎందుకంటే, వానలో ముందు టైర్లు జారితే బండి తిరగకుండా తిన్నగా పోతుంది, బ్రేకు మీద, స్టీరింగ్ మీద ఎంతో కొంత అదుపు ఉంటుంది. వెనక టైర్లు జారితే బండి గిర్రున తిరుగుతుంది, మనబోటివాళ్ళకి అదుపు చేయడం చేతకాదు. టైరు కంపెనీలు కూడా ఇదే చెప్తాయి. ముందున్న పాతవి మరీ గుండైపోతే నాలుగూ మార్చండి. టైరు గాడిలో చిన్న దిమ్మెలు ఉంటాయి, రబ్బరు వాటి ఎత్తుకి వచ్చిందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని. రూలు ప్రకారం అక్కడితో ఆ టైరు అయిపోయింది. అసలు అంతదాకా ఆగకండి, మన వానలకి మూడు మిల్లీమీటర్ల దగ్గరే మార్చడం మంచిది.

తమ్ముడు వెడల్పు అల్లాయ్ రిమ్ములు, చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు అంటున్నాడు. బాగుంటుంది నాన్నా, ఫోటోకి. చక్రం బయటికి జరిగితే బేరింగ్ మీద లాగుడు పెరుగుతుంది, గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ కొట్టే దెబ్బ పెరుగుతుంది. స్ప్రింగులు కోయించి బండి కిందకి దించితే క్యాంబరూ టో కూడా మారిపోతాయి, సర్దడానికేమో నీ బండికి ఏర్పాటు లేదు. ఇంకేం చెప్పను?

సీఎన్‌జీ బండ్లవాళ్ళు ఒక విషయం గుర్తుపెట్టుకోండి. డిక్కీలో సిలిండర్ బరువు ఎప్పుడూ ఉన్నదే, ఎవరూ ఎక్కకపోయినా ఒక మనిషి వెనక కూర్చున్నట్టే. బయట కిట్టు బిగించుకున్నవాళ్ళు వెనక గాలి ఆ బరువుకి తగ్గట్టు చూసుకోవాలి. అలైన్‌మెంటుకి వెళ్ళినప్పుడు సిలిండర్ తీయక్కర్లేదు, మీరు తిరిగేది దాంతోనే కదా.

ఆఖరి ప్రశ్న బాబాయ్ గారిది, పాత టైరు, వాడకుండా ఉంచింది, గాడి నిండా ఉంది, వేసుకోవచ్చా అని. పక్కగోడ మీద నాలుగు అంకెలు వెతకండి. 1518 అని ఉంటే 2018లో పదిహేనో వారంలో తయారైంది. ఐదేళ్ళు దాటిన టైరుని ఏటా చూపించుకోవాలి, పదేళ్ళు దాటితే గాడి ఎంతున్నా తీసేయాలి. రబ్బరు వాడకపోయినా ఎండిపోతుంది, పక్కల్లో సన్నటి చీలికలు వస్తాయి. మీ స్టెప్నీ తేదీ కూడా ఇంటికి వెళ్ళాక చూడండి. కొన్ని కొత్త కార్లలో స్టెప్నీ మిగతా నాలుగింటికన్నా సన్నగా ఉంటుంది, దాని మీద ఎనభై స్పీడు దాటొద్దని రాసే ఉంటుంది. దాంతో పంచర్ షాపు దాకా వెళ్ళాలి, తిరుపతి దాకా కాదు. దాని గాలి కూడా చూపించండి. పంచర్ షాపు అబ్బాయి తనంతట తను అడగడు, డిక్కీలో మీ సామాన్లన్నీ దించాలి కాబట్టి. మీరే దించి చూపించాలి.